ఎడారి లోయలో జలపాతం: అర్ధశక్తి సూత్రానికి ఒక పరీక్ష

వ్యాయామం ఆరోగ్యానికి మేలు చేస్తుందని ఎరుగనివారు లేరు. ఎంతవరకు చేస్తే మేలు, ఎక్కడ ఆగాలి అని అడిగితే మాత్రం చాలామంది వద్ద సమాధానం ఉండదు. ఆయుర్వేదం ఈ ప్రశ్నకు ఒక్క మాటలో బదులిచ్చింది. ఆ మాట ‘అర్ధశక్తి’. బలవంతులై, స్నిగ్ధమైన ఆహారం తీసుకొనేవారు సైతం శీతకాలంలోనూ, వసంతంలోనూ తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెననీ, తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువగా చేయవలెననీ వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో విధించాడు. హద్దు మీరి శ్రమించినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహంలా నశిస్తాడని మన ఆచార్యులు పోలిక కూడా చెప్పారు.

అనంతపురంలో ముప్పది సంవత్సరాలుగా వైద్యం చేస్తూ ఈ మాటను నేను ఎందరికో చెప్పాను. విన్నవారిలో చాలామంది, “సగం అయిందని తెలిసేదెట్లా స్వామీ?” అని అడిగేవారు. ఆ ప్రశ్నకు అడుగులతో కొలిచి చూపగల సమాధానం నాకు అమెరికాలోని ఒక ఎడారి లోయలో లభించింది. ఆ లోయ అడుగున ఒక జలపాతం ఉంది. దానిని చూడడానికి వెళ్ళినప్పటి అనుభవాన్నీ, దాహం, ఉప్పు, విశ్రాంతి గురించి అక్కడ గమనించిన విషయాలనూ పాఠకులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎక్కడిదీ జలపాతం?

మా అబ్బాయి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం ప్రక్కన నివసిస్తున్నాడు. అది ఎడారి నగరం. 2023వ సంవత్సరంలో జూన్ 30 మొదలు జూలై 30 వరకు వరుసగా 31 రోజులపాటు అక్కడ పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెంటీగ్రేడుకు పైననే నిలిచింది. 2025వ సంవత్సరం ఏప్రిల్‌లో, శ్రీరామనవమి వెళ్ళిన వారంలో, మా అబ్బాయి, కోడలు, అబ్బాయి మిత్రుడొకడు, నేను కలిసి హవాసు జలపాతానికి బయలుదేరాము.

గ్రాండ్ కాన్యన్ పేరు చాలామంది వినే ఉంటారు. కొలరాడో నది లక్షలాది సంవత్సరాలుగా రాతిపొరలను కోస్తూ ఏర్పరచిన మహాలోయ అది. ఇటువంటి లోతైన నదీమార్గాన్ని మన తెలుగులో ‘గండి’ అంటాము. పెన్నానది మీది గండికోటకు ఆ పేరు అట్లా వచ్చినదే. గ్రాండ్ కాన్యన్‌కు ఉపశాఖ వంటి ఒక లోయలో హవాసుపాయి అనే ఆదివాసులు నివసిస్తున్నారు. ‘నీలిపచ్చని నీటి జనులు’ అని ఆ పేరుకు అర్థం. వారి గ్రామం సూపాయి. ఆ గ్రామానికి కారు వెళ్ళే దారి లేదు. నడచి వెళ్ళాలి; లేదా కంచరగాడిద మీదనో, హెలికాప్టరులోనో చేరాలి.

లోయ అంచున ఉన్న హువాలపాయి హిల్‌టాప్ అనే చోట రోడ్డు అంతమవుతుంది. అది సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది. అక్కడినుండి గ్రామానికి ఎనిమిది మైళ్ళు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు. గ్రామం ఎత్తు సుమారు 3,200 అడుగులు. యాత్రికులు గుడారాలు వేసుకొనే చోటు గ్రామానికి మరి రెండు మైళ్ళ దిగువన ఉంది. ఆ గుడారాల స్థలానికి కాస్త ముందే హవాసు జలపాతం కనిపిస్తుంది. ముందుగా ఆ తెగవారి అనుమతి పొందనిదే ఎవరూ వెళ్ళరాదు. ఉదయం వెళ్ళి సాయంకాలం తిరిగిరావడం నిషిద్ధం. మేము మూడు రాత్రుల బసకు అనుమతి తీసుకొన్నాము.

తలక్రిందులైన కొండ

తిరుమల మెట్లెక్కినా, ఆహోబిలం కొండలెక్కినా మొదట శ్రమ, పిదప సుఖం. అలసినవాడు సగంలో ఆగి వెనుదిరిగితే దిగుడు దారే కనుక ఎట్లాగో క్షేమంగా క్రిందికి చేరుకొంటాడు. లోయలో ఇది తలక్రిందులవుతుంది. శరీరం ఉత్సాహంగా ఉన్న ఉదయవేళ దిగుడు. అలసిన పిదప ఎక్కుడు. దిగేటప్పుడు ఊపిరి ఎగపోయదు, గుండె దడదడలాడదు. కనుక ఎంత శక్తి ఖర్చయిందో మనిషికి తెలియదు. తెలిసే సమయానికి అతడు గోతి అడుగున ఉంటాడు.

గ్రాండ్ కాన్యన్ జాతీయోద్యానవనం అధికారులు యాత్రికులకు చెప్పే లెక్క ఒకటుంది. దిగడానికి పట్టిన కాలానికి రెండింతలు ఎక్కడానికి కేటాయించుకొనవలెనని. అలా కేటాయించుకొననివారు, ఎండను తక్కువ అంచనా వేసినవారు ఆపదలో పడడం వల్ల అక్కడ ఏటా 250 మందికి పైగా యాత్రికులను సహాయక సిబ్బంది రక్షించవలసి వస్తున్నది. ఈ లెక్కనూ, వాగ్భటుని మాటనూ ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. లోయలో అర్ధశక్తి అంటే ఏమిటో స్పష్టమవుతుంది. దిగడానికి మూడవ వంతు, ఎక్కడానికి రెండు వంతులు. అంటే లోయ అడుగున నిలిచినప్పుడు సగానికంటె ఎక్కువ శక్తి ఇంకా మిగిలి ఉండవలెను. “ఇంకా ఎంతదూరం వెళ్ళగలను?” అనే ప్రశ్న అక్కడ పనికిరాదు. “ఇక్కడినుండి తిరిగి ఎక్కగలనా?” అనేదే ప్రశ్న.

మేము తెల్లవారుజామున ఐదున్నరకు దిగడం ఆరంభించాము. మొదటి మైలున్నర దూరంలోనే వేయి అడుగుల మేర మలుపులు తిరుగుతూ బాట క్రిందికి జారిపోతుంది. పిదప అది ఎండిన వాగు అడుగును పట్టుకొని, ఇరువైపులా నిలువెత్తు ఎర్రరాతి గోడల మధ్య సాగుతుంది. గ్రామం చేరేవరకు త్రాగడానికి నీరు దొరకదు. నాకు అరవై ఏళ్ళు దాటాయి. ఎడమ మోకాలు అప్పుడప్పుడు సతాయిస్తుంది. రెండు చేతులా కర్రలు పట్టుకొని, చిన్న చిన్న అడుగులు వేస్తూ దిగాను. ఎదురుగా సామాను మోసే కంచరగాడిదలు వచ్చినప్పుడు కొండగోడ వైపు ఒదిగి నిలబడి దారి ఇచ్చాము. లోయ అంచు వైపు నిలబడకూడదని అక్కడి నియమం.

చెమట కనిపించని చోటు

వ్యాయామంలో సగం శక్తి ఖర్చయిన గుర్తులను మన ఆచార్యులు వివరించారు. నుదుట, ముక్కుమీద, చంకలలో, కీళ్ళవద్ద చెమట పట్టడం, నోరు ఆరడం, గుండెలోని ఊపిరి నోటికి రావడం. మన ప్రాంతంలో ఈ గుర్తులు చక్కగా సరిపోతాయి. ముఖ్యంగా కోస్తా జిల్లాలలో కాస్త నడిస్తే చాలు, చొక్కా తడిసి ముద్దవుతుంది.

అరిజోనా ఎడారిలో మొదటి గుర్తు పని చేయదు. గాలిలో తేమ లేదు కనుక చెమట పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. నాలుగు గంటలు నడచిన పిదప నా చొక్కా తడుముకొంటే పొడిగా ఉంది. నల్లని వీపుసంచి పట్టీల మీద మాత్రం తెల్లని ఉప్పుచార తేలింది. నేను పోగొట్టుకొన్న చెమటకు అదొక్కటే సాక్ష్యం.

చెమట ఆవిరి కావడం మంచిదే. ఒక లీటరు చెమట ఆవిరైతే శరీరం నుండి సుమారు 580 కిలోకాలరీల వేడి బయటకు పోతుంది. ఎండలో కష్టపడి నడిచేవారికి గంటకు లీటరు, కొందరికి అంతకుమించి చెమట పోవచ్చు. నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. తడి తెలియదు కనుక నష్టం తెలియదు. మన రాయలసీమలో ఏప్రిల్, మే నెలల వడగాలిలో తిరిగేవారికీ కొంతవరకు ఇదే స్థితి కలుగుతుంది.

చెమట గుర్తు పోయినా ఊపిరి గుర్తు ఎక్కడైనా నిలుస్తుంది. నడుస్తూ ప్రక్కవారితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్లు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం తగ్గించాలి. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలను చెప్పారు. వాటిలో ఆకలి, దప్పికలతోపాటు శ్రమవల్ల కలిగే ఎగశ్వాస కూడా ఉంది. ఇతరులు ముందుకు పోతున్నారనే మొగమాటంతో ఆయాసాన్ని అణచుకొని నడవడం కూడా వేగధారణమే. మా కోడలికి ఈ మాట చెప్పగా, “అయితే మామయ్యా, ఇక్కడ అందరికంటె నెమ్మదిగా నడిచేవారే అందరికీ నాయకులు కావాలి” అన్నది. ఆ విధంగా నన్ను ముందు నడిపించారు. నా వేగమే అందరి వేగమైంది.

నీలిపచ్చని నీరు

పది గంటలు దాటేసరికి గ్రామం పొలిమేరకు చేరాము. రాతిగోడల మధ్య అకస్మాత్తుగా చెట్లు, పచ్చిక, ప్రక్కన గలగల పారే వాగు. హవాసుపాయి జనులు శతాబ్దాలుగా ఈ నీటితో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొన్నారు. 1882లో ప్రభుత్వం వారిని కేవలం 518 ఎకరాలకు పరిమితం చేసింది. సుదీర్ఘమైన పోరాటం పిదప 1975లో సుమారు 1,85,000 ఎకరాల భూమి వారికి తిరిగి లభించింది. కనుక ఇక్కడికి వచ్చేవారు అతిథులమని గుర్తుంచుకొనాలి. అనుమతి లేనిదే గ్రామస్థుల ఛాయాచిత్రాలు తీయరాదు. లోయలో మద్యం నిషిద్ధం.

మధ్యాహ్నం ఎండ తగ్గేవరకు చెట్ల నీడన విశ్రమించి, నాలుగు గంటలకు మళ్ళీ నడిచాము. బాట ఒక మలుపు తిరిగి దిగుతుండగా ముందు హోరు వినిపించింది. పిదప కుడివైపున క్రింద హవాసు జలపాతం దర్శనమిచ్చింది. సుమారు వంద అడుగుల ఎత్తునుండి, ఇటుకరంగు కొండకొమ్ముల నడుమ, తెల్లని ధార. అది పడే మడుగు మాత్రం నెమలికంఠం రంగు. ఆ రంగులో మాయ ఏమీ లేదు. సున్నపురాతి పొరలగుండా భూగర్భంలో ప్రయాణించిన నీటిలో కాల్షియం కార్బనేటు కరిగి ఉంటుంది. నీరు బయటికి వచ్చి గాలి తగలగానే ఆ సున్నం పేరుకొని మడుగులకు మెట్లమెట్లుగా గట్లు కడుతుంది. తెల్లని సున్నపు అడుగు మీద, నీటిలోని సూక్ష్మమైన సున్నపు రేణువుల మీద వెలుతురు పడి ఈ వర్ణం కలుగుతుంది. చెట్ల కొమ్మలు, వేళ్ళు కూడా కాలక్రమంలో సున్నం పూసుకొని రాయిగా మారిన దృశ్యం అక్కడ చూశాను.

ఆ నీరు సంవత్సరమంతా ఇంచుమించు 21 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటుంది. నడచి వచ్చినవారికి వెంటనే దుమకాలనిపిస్తుంది. మా వాళ్ళను నేను కాసేపు ఆపాను. ఎండ, శ్రమ అనుభవించినవారు తక్షణమే చన్నీటిని సేవించడాన్ని చరకుడు చర్మరోగాల కారణాలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఆయాసం తగ్గేదాకా నీడన కూర్చొని, ముందు పాదాలు, చేతులు, ముఖం తడుపుకొని, పిదప మడుగులో దిగాము. అయితే ఒక విషయం పాఠకులు మరువరాదు. ఈ నియమం ఆరోగ్యవంతునికే. వడదెబ్బతో స్పృహ తప్పుతున్నవారిని ఎంత త్వరగా చల్లబరిస్తే అంత మేలు. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం.

జలపాతం తుంపరలు నలభై అడుగుల దూరం వరకు వస్తున్నాయి. ఉదయం నుండి పొడిగాలికి పగిలిన పెదవులు, మండిన కళ్ళు, ఎండిన ముక్కుపుటాలు ఆ తుంపరలో నిమిషాలలో కుదుటబడ్డాయి. గ్రీష్మంలో జలాశయాల సమీపాన, ధారాగృహాలలో కాలం గడపమని ఋతుచర్యలో చెప్పిన మాట అనంతపురంలో మాకు గ్రంథంలో చదువుకొనే మాట మాత్రమే. దానిని చర్మంతో అనుభవించడం అదే మొదలు.

చూడని జలపాతం

మరునాడు మా అబ్బాయి మూనీ జలపాతానికి వెళదామన్నాడు. గుడారాల స్థలం చివర ఉన్న ఆ జలపాతం ఎత్తు సుమారు రెండువందల అడుగులు. పందొమ్మిదవ శతాబ్దంలో గనులు వెదుకుతూ వచ్చిన మూనీ అనే వ్యక్తి ఇక్కడ జారిపడి మరణించాడు. జలపాతానికి అతని పేరే మిగిలింది. దాని అడుగుకు చేరాలంటే సున్నపురాతిలో తొలిచిన ఇరుకు సొరంగాలు దూరి, తుంపరకు తడిసిన గొలుసులు పట్టుకొని, కొయ్య నిచ్చెనల మీదుగా దిగాలి.

పైనుండి చూశాను. మోకాలి మీద చేయి వేసుకొని లెక్క కట్టాను. దిగగలను. సందేహం లేదు. కాని మరునాటి మరునాడు పది మైళ్ళు నడిచి, చివర వేయి అడుగులు నిలువునా ఎక్కవలసి ఉంది. ఆ ఎక్కుడుకు కావలసిన శక్తిని ఇక్కడ ఖర్చు చేస్తే సగం దాటినట్లే.

“మీరు వెళ్ళిరండి. నేను ఇక్కడే ఉంటాను” అన్నాను.

“ఇంత దూరం వచ్చి చూడకుండా ఎట్లా నాన్నా?” అన్నాడు మా అబ్బాయి.

“చూస్తూనే ఉన్నానుగదా నాయనా, పైనుండి!”

వారు దిగి, నాలుగు గంటల పిదప తిరిగివచ్చారు. నేను ఆ సమయమంతా చెట్టునీడన పడుకొన్నాను. నువ్వులనూనెతో మోకాళ్ళు, పిక్కలు, అరికాళ్ళు మర్దన చేసుకొన్నాను. అభ్యంగనం శ్రమను, వాతాన్ని హరిస్తుందని వాగ్భటుని వచనం. ఆ మూనీ మడుగును క్రిందనుండి చూడలేదనే కొరత నాకు లేకపోలేదు. అరవై ఏళ్ళ వయస్సులో అర్ధశక్తి సూత్రం పాటించడమంటే కొన్ని అందమైన వస్తువులను చూడకుండా విడిచిపెట్టడమే. ఈ ధర ఉందని రోగులకు ముందుగా చెప్పడం వైద్యుని ధర్మమని నాకు తోచింది.

నీరు ఎక్కువైనా ఆపదే

తిరుగు ప్రయాణం నాడు రాత్రి మూడున్నరకే తలకు కట్టుకొనే టార్చిలైట్లతో బయలుదేరాము. ఎడారిలో ఉదయం పది మొదలు సాయంత్రం నాలుగు వరకు ఎక్కుడు దారిలో ఉండరాదని అందరూ చెప్పేదే. తొమ్మిది గంటలకు చివరి ఎక్కుడు మొదట్లోకి వచ్చాము. అక్కడ మా అబ్బాయి మిత్రుడు ఒక రాతిమీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళ యువకుడు. మా అందరిలోకీ బలవంతుడు.

తలనొప్పి, కడుపులో వికారం, నిస్సత్తువ. చూచినవారెవరైనా ఎండదెబ్బ, నీరు చాలలేదనే అంటారు. మా అబ్బాయి సీసా మూత తీసి, “ఇంకాస్త నీళ్ళు త్రాగిద్దామా నాన్నా?” అన్నాడు. ఆగమని చెప్పి అతనిని ప్రశ్నించాను. వేకువనుండి ఏమి తిన్నావు? వికారంగా ఉందని ఏమీ తినలేదు. ఎంత నీరు త్రాగావు? ఎడారిలో నీరు ఎక్కువ త్రాగాలని విని, దాహం లేకపోయినా ప్రతి మలుపులోనూ త్రాగుతూ సుమారు ఐదు లీటర్లు త్రాగాడు. మూత్రం? నాలుగైదు సార్లు, నీళ్ళవలె తెల్లగా. వేళ్ళు చూశాను. ఉబ్బి, ఉంగరం బిగిసిపోయి ఉంది. శరీరం ఎండిపోయినవానికి వేళ్ళు ఉబ్బవు. అన్నిసార్లు తెల్లని మూత్రం రాదు.

చెమటలో ఉప్పు పోతుండగా ఉత్త నీటినే అతిగా త్రాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. ఆధునిక వైద్యులు దీనిని హైపోనాట్రీమియా అంటారు. గ్రాండ్ కాన్యన్‌లో ఎండకు నడిచేవారిలో ఇది బాగా ఎరిగిన ఆపద. ముదిరితే మెదడు వాచి, మతి తప్పి, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. రక్తపరీక్ష లేనిదే రూఢిగా చెప్పలేము. అయినా లక్షణాలు అటువైపే ఉన్నాయి. అటువంటప్పుడు మరొక లీటరు నీరు త్రాగించడం ఉపకారం కాదు.

అతనిని కొండనీడలో కూర్చోబెట్టి నీరు ఆపించాము. స్పృహ, మాట స్పష్టంగా ఉన్నందున ఉప్పు వేరుశనగలు గుప్పెడు, నిమ్మ ఊరగాయ బద్ద ఒకటి నెమ్మదిగా నమలమన్నాను. పది నిమిషాలకొకసారి పేరు, వారం, ఊరు అడిగి మాట తేటగా ఉన్నదో లేదో పరీక్షించాను. మాట తడబడినా, వాంతి అయినా క్షణం ఆలస్యం చేయకుండా సహాయం కోసం ఉపగ్రహం ద్వారా సందేశం పంపే యంత్రాన్ని మా అబ్బాయి చేతిలో సిద్ధంగా ఉంచుకొన్నాడు. ఆ ముప్పావు గంట మాలో ఎవరమూ మాట్లాడలేదు. పిదప అతనికి రెండుసార్లు మూత్రం అయింది. తలనొప్పి తగ్గింది. “అంకుల్, ఆకలేస్తోంది” అన్నాడు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. ఎండ ముదిరినందున పాతిక అడుగులకొకసారి ఆగుతూ, కొండనీడ ఉన్నచోటల్లా కూర్చొంటూ, పన్నెండు గంటలకు అందరమూ పైకి చేరాము.

ఉప్పు గురించి ఒక సందేహం

గ్రీష్మంలో ఉప్పు, పులుపు, కారం తగ్గించమని వాగ్భటుడే చెప్పాడు గదా, మరి ఉప్పు ఎందుకని కొందరు అడుగవచ్చు. అదే వాక్యంలో వ్యాయామాన్నీ, ఎండనూ కూడా విడువమన్నాడు. ఆ ఉపదేశాన్ని మొత్తంగా గ్రహించాలి. నీడపట్టున కూర్చొన్నవానికి అదనపు ఉప్పు అవసరం లేదు, హాని కూడా. ఎండలో గంటల తరబడి చెమటోడ్చినవానికి పోయిన ఉప్పు తిరిగి చేరాలి. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, మూత్రం జారీచేసే మందులు వాడేవారు ఇటువంటి యాత్రకు ముందు తమ వైద్యుని అడిగి ఉప్పు, నీరు పరిమాణం నిర్ణయించుకొనవలెను.

వెంట ఉంచుకొనదగినవి

1. పేలపిండి: తొలి ఏకాదశికి చేసుకొనే జొన్నపేలాల పిండిలో బెల్లం, ఏలకులపొడి, చిటికెడు ఉప్పు కలిపి డబ్బాలో ఉంచుకొనవలెను. గ్రీష్మంలో సక్తువును చక్కెరతో, చల్లని నీటితో సేవించమన్నది శాస్త్రం. రెండు చెంచాల పిండిని గ్లాసు నీటిలో కలిపి త్రాగితే ఆకలి, దప్పిక రెండూ తీరును.

2. వేయించిన ఉప్పు వేరుశనగలు, పుట్నాలు, బెల్లం: ఆకలి లేకపోయినా గంటకొకసారి గుప్పెడు తినవలెను. నీటికి తోడు తిండి ఉండవలెను.

3. పానకం: లీటరు నీటికి యాభై గ్రాముల బెల్లం, పావు చెంచా మిరియాలపొడి, చిటికెడు శొంఠి, కొద్దిగా నిమ్మరసం, పావు చెంచా ఉప్పు. మధుమేహులు బెల్లం బదులు ఉప్పు, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగ వాడవచ్చును.

4. విరేచనాలు లేదా వాంతులైనప్పుడు: శుభ్రమైన లీటరు నీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు (చెంచాలు తలగొట్టి కొలవవలెను). ఔషధాల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దగ్గర ఉంటే మరీ మంచిది.

5. నీరు: దాహం వేసినప్పుడు కొద్దికొద్దిగా త్రాగవలెను. దాహాన్ని అణచరాదు, దాహం లేకుండా కడుపు నింపరాదు. ఊటనీరైనా వడపోత పరికరంతో శుద్ధిచేయక త్రాగరాదు. 2024 జూన్‌లో హవాసు లోయలో అనేకమంది యాత్రికులు వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. తినేముందు సబ్బుతో చేతులు కడుగుకొనడం నీటి శుద్ధి అంత ముఖ్యం.

6. పాదాలకు: పడుకొనేముందు గోరువెచ్చని ఉప్పునీటిలో పాదాలు పావుగంట ఉంచి, తుడిచి, నువ్వులనూనె లేదా ఆముదం రాయవలెను. బొబ్బలు పగిలి ఉన్నచో ఉప్పునీరు, నూనె వాడక శుభ్రమైన కట్టు కట్టవలెను.

7. రాత్రి భోజనం: అతిశ్రమ చేసిననాడు జీర్ణశక్తి తగ్గును. ఉప్పు వేసిన పలుచని బియ్యపు గంజి, పెసరకట్టు శ్రేష్ఠం.

ఇంటివైద్యం చాలని లక్షణాలు

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడడం, ప్రవర్తన మారడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిమీద నీరు పోస్తూ విసురుతూ, ఆసుపత్రికి తరలించవలెను. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయరాదు. మన రాష్ట్రాలలో 108కి ఫోను చేయవలెను.

వర్షకాలంలో లోయలలోకి అసలే దిగరాదు. ఎక్కడో దూరాన కురిసిన వాన నిమిషాలలో లోయను నింపుతుంది. 2024 ఆగస్టులో హవాసు లోయలో వచ్చిన అటువంటి వరదకు ఒక యాత్రికురాలు మరణించింది. వందమందికి పైగా హెలికాప్టర్లలో బయటపడ్డారు.

ఇవన్నీ అమెరికా వెళ్ళేవారికే అనుకొనవద్దు. గండికోట వద్ద పెన్నానది ఒడ్డుకు దిగేవారికీ, తలకోన అడవిలో పై ధారల వైపు నడిచేవారికీ, వేసవి సెలవులలో పిల్లాపాపలతో కొండ దేవాలయాలకు కాలినడకన వెళ్ళేవారికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఇంటిలో ఉదయపు నడకకు వెళ్ళేవారు సైతం ఇంటినుండి ఎంత దూరం పోగలమో కాక, పోయినంత దూరం సుఖంగా తిరిగి రాగలమా అని చూసుకొనవలెను. గుంపులో అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని ముందుంచవలెను. పిల్లలు, వృద్ధులు “చాలు” అన్నప్పుడు ఆ మాటను గౌరవించవలెను. వారు చెప్పిన హద్దే ఆ రోజుకు మొత్తం కుటుంబం హద్దు.